మా అయ్య కవరు

"మీటింగులకొస్తావు, గట్టిగా మాట్లాడతావు, ఇంటికెళ్ళి నేవీ కవర్లు అట్టలకి అతికించుకుంటావు. ఇదేం సరదారా మాస్టారూ? ఇవి దొరబాబుల పనులు కదా" అని ఒక ఏప్రిల్ 14న, విగ్రహం దగ్గర దండలేసి టీ తాగుతుంటే, ఒక మిత్రుడు పదిమందిలో అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు చెప్పడానికి అక్కడ టైము చాల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నిజమే. తపాలా బిళ్ళలు పోగెయ్యడం కడుపు నిండినోళ్ళ సరదా. ఇంట్లో బీరువా ఉండాలి, విదేశాల్లో చుట్టాలుండాలి, ఉత్తరాలు రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఉండాలి. మా ఇంట్లో ఇవేవీ లేవు. మా ఇంట్లో చదువుకున్న మొదటివాణ్ణి నేనే. మరి ఇది నాకెలా అంటుకుంది? చెత్తబుట్టలోంచి అంటుకుంది.

మాది విశాఖకి బస్సులో గంటన్నర దూరంలో ఒక ఊరు. ఊరు అంటే ఊరు కాదు, ఊరికి తూర్పున మాలపేట. నాకు ఏడేళ్ళప్పుడు, 1996లో, మా అయ్యా అమ్మా మమ్మల్ని తీసుకుని పట్నం వచ్చేశారు. కొండవాలు మీద రేకుల ఇల్లు. మా అయ్య రేవులో మేస్త్రీ పిలిస్తే పని, పిలవకపోతే లేదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస కిరండూల్ లైను మీద దిగి, విశాఖలో ఓడెక్కి జపాన్ పోయేది. ఆ ఎర్రదుమ్ము మా అయ్య చెవుల్లో, గోళ్ళల్లో ఉండేది. అమ్మ రేవు దగ్గర ఓడల ఏజెంటు ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరింది.

అక్కడ రోజూ సాయంత్రం చెత్తబుట్ట ఖాళీ చెయ్యాలి. అందులో చించేసిన కవర్లుండేవి. ఓడ రేవుకి రాకముందే ఓడలో వాళ్ళకి ఉత్తరాలొచ్చేవి. ఫలానా కెప్టెన్, ఫలానా ఓడ, కేరాఫ్ ఏజెంటు, విశాఖపట్నం అని. ఉక్కు ఫ్యాక్టరీకి కోకింగ్ బొగ్గు తెచ్చే ఓడల తాలూకు ఆస్ట్రేలియా కవర్లు, జపాన్ కవర్లు, గ్రీసు కవర్లు. లోపలి కాయితం వాళ్ళది, పైన కవరు చెత్తది. అమ్మకి అక్షరం రాదు. కానీ ఆ రంగు బొమ్మలు చూసి పారెయ్యబుద్ధెయ్యలేదు.

"ఒరే అయ్యా, ఇయ్యేటో సూడు. సదువుకి పనికొస్తాయేటో" అని చెంగులోంచి తీసి ఇచ్చేది.

పనికొచ్చాయి. పానమా ఎక్కడుందో, సైప్రస్ ఎక్కడుందో నేను బళ్ళో నేర్చుకోలేదు. చెంగులోంచి నేర్చుకున్నాను. బిళ్ళని బ్లేడుతో కోసి, సత్తు గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి, ఊడదీసి, ఎండబెట్టి, పాత నోటు పుస్తకంలో అన్నం మెతుకుతో అతికించేవాణ్ణి. కవరు పొయ్యిలోకి పోయేది. ఒకసారి గ్రీసు దేశం బిళ్ళ మీద సింగపూర్ ముద్ర కనిపించింది. పక్కన ఇంగ్లీషు అక్షరాలతో 'పాకెబోట్' అని ఇంకో ముద్ర. ఒక దేశం బిళ్ళ మీద ఇంకో దేశం ముద్ర ఏంటి? బళ్ళో మాస్టారిని అడిగితే "ముందు ఎక్కాలు నేర్చుకో" అన్నారు. ఆ కవరు కూడా కోసేశాను.

అలా కోస్తూ కోస్తూ 1999లో, నాకు పదేళ్ళప్పుడు, ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున మడతపెట్టిన ఖాకీరంగు కవరు ఒకటుంది. దానిమీద నాలుగు సింహాల సర్వీసు బిళ్ళ. నా దగ్గర అలాంటిది లేదు. కోసేశాను. ముద్ర సగం బిళ్ళతో పోయింది, సగం కవరు మీద మిగిలింది. అయ్య సాయంత్రం వచ్చి చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "ఎంత పని సేసినావురా" అని, బొక్కపడ్డ ఆ కవర్ని మళ్ళీ మడతపెట్టి పెట్టెలోనే పెట్టేశాడు. ఆ బిళ్ళ ఎప్పుడో నీళ్ళల్లో చిరిగిపోయింది.

డిగ్రీ చదివేటప్పుడు, 2008లో, పాతపోస్టాఫీసు దగ్గర ఒక పాతపేపర్ల కొట్లో రద్దీ కవర్లు ఏరుకుంటుంటే, ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను బిళ్ళ చుట్టూ గోరుతో గీస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"బిళ్ళ కోసం కవరు కోసేవాడు తలకాయ దాచుకుని మొండెం పారేసినట్టు. బిళ్ళ అచ్చేసినవి లక్షలుంటాయి. ఈ కవరు ఒక్కటే ఉంటుంది."

అక్కడినుంచి రెండేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాను. కవరు ముందువైపు ముద్ర ఎప్పుడు, ఎక్కడ బయల్దేరిందో చెబుతుంది. వెనకవైపు ముద్రలు ఎక్కడెక్కడ ఆగిందో, ఏ రోజు చేరిందో చెబుతాయి. నడి సముద్రంలో ఓడ ఏ దేశం జెండా ఎగరేస్తే ఆ దేశం బిళ్ళే చెల్లుతుంది, తర్వాత వచ్చే రేవులో పోస్టు చేస్తే ఆ రేవు వాళ్ళు తమ ముద్ర వేసి 'పాకెబోట్' అని కొడతారు, ఫ్రెంచిలో టపా ఓడ అని అర్థం. నా గ్రీసు బిళ్ళ చిక్కు పదేళ్ళ తర్వాత అలా విడిపోయింది. బొంబాయి నుంచి ఏడెన్ పోయే ఓడల్లోనే 1868 నుంచి 1914 దాకా పోస్టాఫీసు ఉండేదట. గుమాస్తాలు ఓడలో కూర్చుని ఉత్తరాలు విడదీసేవాళ్ళు. నేవీ ఓడకి ఉత్తరం రాస్తే ఓడ ఏ ఊళ్ళో ఉందో రాయకూడదు, ఓడ పేరు, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అని రాస్తే చాలు. సైన్యం పోస్టాఫీసుల ముద్రల్లో ఊరి పేరు ఉండదు, అంకె ఉంటుంది.

అది విన్నప్పుడు నాకొకటి తట్టింది. యుద్ధనౌకకి తన చోటు దాచుకునే హక్కుంది. మా చిరునామాలో ముందు పేరు, తర్వాత మాలపేట, ఆ తర్వాతే ఊరు.

ఆ పెద్దాయన మంచివాడు. మొదటిరోజే నా ఇంటిపేరు అడిగి తెలుసుకున్నాడు. తన దగ్గరున్న జంట కవర్లన్నీ నాకిచ్చేశాడు, డబ్బులు తీసుకోలేదు. పాఠం ఎప్పుడూ వరండాలోనే జరిగేది. మంచినీళ్ళు తాగిన గ్లాసు నేనే కడిగి గట్టు మీద బోర్లించేవాణ్ణి. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి రాసి ఒకటి దాచలేను.

కవర్లతో విశాఖ రేవు చరిత్ర పేర్చుకుంటూ వచ్చాను. వైజాగపటం అని తెల్లవాళ్ళ స్పెల్లింగుతో పాత గుండ్రటి ముద్రలు. 1933 అక్టోబరు 7న జలదుర్గ రేవులోకొచ్చిన మొదటి ఓడ, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవుని లాంఛనంగా తెరిచాడు. మధ్యపరగణాల మాంగనీసు రాయి బయటికి పంపుకోడానికి కట్టుకున్న రేవు అది. సింధియా యార్డులో కట్టిన జలఉషని 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళల్లోకి దింపాడు. ఆ ఓడనీ విశాఖనీ చూపిస్తూ 1965 ఏప్రిల్ 5న, జాతీయ నౌకా దినం నాడు, 15 పైసల బిళ్ళ వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1966 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ బొమ్మతో మొదటి బిళ్ళ వచ్చింది. అదీ 15 పైసలే. రెండూ నా దగ్గర ఒకే అట్ట మీద ఉన్నాయి.

1969లో సోవియట్ దేశంలో మన నేవీలో చేరి, 2001లో విరమించి, 2002లో బీచిలో మ్యూజియం అయిన కురుసుర జలాంతర్గామి బొమ్మ కవర్లున్నాయి. 2006, 2016, 2022లో విశాఖ సముద్రంలో జరిగిన నౌకా సమీక్షల కవర్లున్నాయి. ఓడ బొమ్మ, కెరటాలు, చిహ్నం, ప్రత్యేక ముద్ర. చూడ్డానికి చాలా బాగుంటాయి. కానీ ఎన్ని తిరగేసినా ఖనిజం మోసిన కలాసీ కనపడడు.

మా మామ్మ తండ్రి రంగం పోయాడు. మామ్మ అప్పటికి పాలు తాగే పిల్ల. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్నుంచి మన జిల్లాల కూలీలు ఓడల డెక్కు మీద కిక్కిరిసి రంగూన్ వెళ్ళేవాళ్ళు. అక్కడి రేవులో సరుకు దించేది ఎక్కువగా తెలుగోళ్ళే. 1930 మే నెలలో ఆ తెలుగు కూలీల మీదే దాడులు జరిగాయి, ఎందరో చచ్చిపోయారు. అయినా పోయారు, ఇక్కడ తిండి లేక. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. ఆయన రాలేదు. బర్మా కవర్లు నేను చాలా వెతికాను. దొరుకుతాయి, చెట్టియార్ల వడ్డీ వ్యాపారం తాలూకువి కట్టలు కట్టలు. మావాళ్ళ కవరు ఒక్కటి దొరకలేదు. అదే ఓడలో ఉత్తరాల సంచీ లెక్క ప్రకారం దిగింది. మనుషులకి అలాంటి లెక్క ఎవరు రాశారు? "మా అయ్య కాయితం ముక్క రాసినా బాగున్ను" అని మామ్మ చచ్చిపోయేదాకా అంది. రాయడం ఆయనకి వస్తే కదా. వచ్చినా మావాళ్ళకి చదవడం వస్తే కదా.

మా మావ, అంటే అమ్మ తమ్ముడు, నేవీలో చేశాడు. ఏం చేశాడు? టోపాస్. ఓడలో మరుగుదొడ్లు, స్నానాలగదులు కడిగే కొలువు. ఇంగ్లీషువాళ్ళ నాటినుంచీ ఆ పేరుతో ఒక శాఖే ఉండేది, పాకీపని కులాలవాళ్ళే అందులో చేరేవాళ్ళు. తర్వాత పేరు మార్చి హైజీనిస్ట్ అన్నారు. మావ ఆ మాట ఊళ్ళో చెప్పేవాడు కాదు. నేవీ అనే చెప్పేవాడు. పెళ్ళి కూడా నేవీ అనే అయింది. ఆయన పనిచేసిన ఓడ కవరు నా దగ్గరుంది, ఓడ నీళ్ళు చీల్చుకుపోతున్న బొమ్మతో. ఆ ఓడ నుంచి మావ రాసిన ఇన్లాండ్ ఉత్తరం కూడా ఉంది. రెండిటినీ పక్కపక్కనే పెట్టాను. కెప్టెన్ ఉత్తరమైనా టోపాస్ ఉత్తరమైనా ఒకటే ముద్ర పడుతుంది. ఆ మాట చెప్పినప్పుడు మావ చాలాసేపు ఆ ఇన్లాండ్ వంక చూస్తూ ఉండిపోయాడు.

ఇంకో సంగతి. మావ ఊరికి రాసిన ఉత్తరాలన్నీ ఎలిమెంటరీ స్కూలు మాస్టారి పేరు మీద ఉంటాయి. ఎందుకని అడిగితే "అరుగు తప్పించడానికి" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

2012 డీఎస్సీలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ల కోసం ట్రంకుపెట్టె తీస్తే ఆ బొక్క కవరు మళ్ళీ బయటపడింది. ఈసారి దాన్ని బిళ్ళ కోసం చూడలేదు. లోపల కాయితం ఉంది. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి పంపిన పేర్లలోంచి మా అయ్యని ఒక ఆఫీసు ఇంటర్వ్యూకి పిలిచిన కాయితం. పర్మనెంటు కలాసీ ఉద్యోగం. ఇంటర్వ్యూ 1991 జులై 22. ఆ కథ నాకు తెలుసు. ఉత్తరం 24న అయ్య చేతికొచ్చింది. స్కూలు మాస్టారు చదివి చెబితే, ఉన్న చొక్కా ఉతుక్కుని తడిగానే తొడుక్కుని పట్నం పరిగెత్తాడు. "అయిపోయింది, రెండ్రోజులు లేటుగా వచ్చావ్" అన్నారట. మళ్ళీ పిలుపు రాలేదు. "పోస్టోళ్ళు లేటు సేసినారు" అని మా ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా చెప్పుకునే మాట.

కవరు వెనక్కి తిప్పాను. డెలివరీ ముద్ర స్పష్టంగా ఉంది. 11-7-91.

పోస్టు లేటు కాలేదు. ఇంటర్వ్యూకి పదకొండు రోజుల ముందే మా ఊరి ఉత్తరాలు పంచే ఆఫీసుకి చేరింది. అక్కణ్ణించి మా పేటకి రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లకి పదమూడు రోజులు పట్టింది. పోస్టుమాను పేటలోకి దిగేవాడు కాదు. పేట ఉత్తరాలు పెద్దింటి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు పాలేరుతో కబురంపేవాళ్ళు. ఊడుపుల రోజులు. అయ్య పట్నం పోతే మడిలో ఎవరు దిగుతారు?

నా చేతులు వణికాయి. అయ్యని కూర్చోబెట్టి ముద్ర చూపించి లెక్క చెప్పాను. అయ్య కవరు తీసుకుని ముందువైపు తిప్పి, ఒక మూల వేలు పెట్టాడు. అక్కడ గుండ్రటి గోధుమరంగు మరక. నేను ఎన్నిసార్లు చూశానో దాన్ని. ఎప్పుడూ చదవలేదు.

"గళాసు మరకరా అది. కాఫీ గళాసు. పోస్టు సంచీలో కాఫీ తాగరు కదా. నాకు ఆయేళే తెలుసు."

"మరి పోస్టోళ్ళు లేటు చేశారని ఇన్నాళ్ళూ ఎందుకన్నావు?"

"ఏటనమంటావు? ఆళ్ళ మడిలోనే మీ అమ్మ ఊడుపుకెళ్ళాల. నిన్ను సంకనేసుకుని ఎళ్ళేది" అన్నాడు. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. అయ్య చదువురానివాడని నేను అన్ని ఫారాల్లోనూ రాశాను. ఆ కవర్ని ఆయన నాకంటే ఇరవయ్యేళ్ళ ముందు చదివాడు.

2017లో ఒక తపాలా బిళ్ళల ప్రదర్శనలో నా కవర్లు పెట్టాను. ఒక ఫ్రేముకి పదహారు అట్టలు. ఓడల ఏజెంటు కవర్ల కింద "సేకరణ: మా అమ్మ. ఆఫీసు స్వీపరు. చెత్తబుట్ట నుంచి" అని రాశాను. పదహారో అట్ట మీద మా అయ్య కవరు, వెనకవైపు ముద్ర కనిపించేలా చిన్న అద్దం పెట్టి. నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి చూసి, చాలా మర్యాదగానే చెప్పాడు: "మంచి కలెక్షన్ మాస్టారూ. మీ నాన్నగారు నేవీయా? ఈ చెత్తబుట్ట మాట తీసెయ్యండి, బాగోలేదు. ఆ ఆఖరి కవరు డ్యామేజీ అయింది, బిళ్ళ లేదు, నౌకలకి సంబంధం లేదు. అది తీసేస్తే మార్కులొస్తాయి."

మార్కుల కోసం చదివినవాణ్ణే నేను. మార్కుల విలువ నాకు తెలుసు. అయినా తియ్యలేదు. డ్యామేజీ చేసింది నేనే, పదేళ్ళప్పుడు బ్లేడుతో. ఆ బొక్క నాది, మరక వాళ్ళది, ముద్ర సర్కారుది. మూడూ ఉంటేనే ఆ కవరు. నౌకలకి సంబంధం లేదంటే ఎలా? ఓడలో సరుకెక్కించే మనిషి కవరు కదా అది. పాల్గొన్నట్టు కాయితం ఇచ్చారు, బహుమతి రాలేదు. అమ్మని ఫ్రేము ముందు నిలబెట్టి, తన పేరు ఎక్కడుందో చూపించాను. చెయ్యి అద్దానికి ఆనించి కాసేపు నిలబడింది. "ఆళ్ళకి తెలిస్తే తిడతారేటో, కవర్లు అట్టుకుపోనానని" అంది.

మా అయ్య 2021లో పోయాడు. ఆయన పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు, ఎక్స్ఛేంజి కార్డులో ఎవరో గుమాస్తా మొహం చూసి వేసిన ఏడాది ఉంది. ఆయన బతుకులో రుజువుతో సహా తెలిసిన తేదీలు తక్కువ. అందులో ఒకటి 11-7-91. మనకి పట్టాలు లేవు, తామ్రశాసనాలు లేవు, డైరీలు లేవు. దారి తప్పి మన చేతికొచ్చిన ఇలాంటి గుండ్రటి ముద్రలున్నాయి. వాటిని చదవడం నేర్చుకోవడం సరదా అయితే, అవును మిత్రమా, నాకు ఆ సరదా ఉంది.

ఇప్పుడు చేతి ముద్రలు తగ్గిపోతున్నాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరు పోస్టుని కూడా స్పీడుపోస్టులో కలిపేశారు. అంతా బార్‌కోడు. అందుకే మొన్న మా ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. అర్ధరూపాయి పోస్టుకార్డులు కొనిచ్చి, ఎవరి చిరునామాకి వాళ్ళే రాసుకోమన్నాను. పేట పిల్లలు పేట పేరు రాయాలా వద్దా అని అడిగారు. రాయమన్నాను. పట్నం తీసుకెళ్ళి రేవు దగ్గర పోస్టాఫీసులో వేయించాను. పిల్లలు సముద్రం వంక, నిలబడ్డ ఓడల వంక చూస్తుంటే నేను డబ్బా వంక చూస్తూ నిలబడ్డాను. కార్డు వచ్చిన రోజు ముద్ర వెయ్యమని మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ముందే బతిమాలుకున్నాను.

ముప్ఫైయొక్క కార్డులు. నాలుగోరోజుకి ఇరవయ్యేడు వచ్చాయి. పిల్లలు తమ పేరున్న కార్డుని పరీక్ష అట్టలకి క్లిప్పు పెట్టుకుని తెచ్చారు. నాలుగు రాలేదు. నాలుగూ పేటవే. తొమ్మిదోరోజు సాయంత్రం ఆ నలుగుర్నీ వెంటబెట్టుకుని ఊరి సెంటర్లో కిరాణా కొట్టుకి వెళ్ళాను. త్రాసు పక్కన, పాత బిల్లుల కింద ఉన్నాయి. "మీవాళ్ళెవరైనా వస్తే ఇద్దామనే ఉంచానండి" అన్నాడు కొట్టాయన. మనిషి చెడ్డవాడు కాదు.

కొట్టు మెట్ల మీదే కూర్చోబెట్టాను పిల్లల్ని. కార్డు తిప్పించాను. ముద్రలో తేదీ చదవమన్నాను. ఒక ఆడపిల్ల వేళ్ళమీద లెక్కపెట్టి, "సార్, అయిదు రోజుల కితమే వచ్చేసిందండి మా ఊరు" అంది.

"మరి ఈ అయిదు రోజులూ ఎక్కడుంది?" అని అడిగాను.

నలుగురూ తలలు తిప్పి కొట్టు వంక చూశారు.